పిలగాడు మొద్దు కాదు.. అచ్చరం కాడ ఆగిండు

మీ ఊర్ల 'మొద్దు' అని పేరు పడ్డ పిలగాడు ఒక్కడన్న ఉంటడు. అసలు పేరు బడి రిజిస్టర్లనే ఉంటది. ఊరంత పిలిచేది మాత్రం మొద్దు, మట్టిబుర్ర, సున్న. గా పిలగాడే బోరు మోటరు ఆగితె తీగ యాడ తెగిందో పట్టుకుంటడు. ఒక్కపాలి విన్న పాట పొల్లు పోకుంట పాడుతడు. క్రికెట్ ఆడంగ ఎవల్ని యాడ నిలబెట్టాలో వానికే ఎరుక. కాని పుస్తకం చేతికిచ్చి నాలుగు వాక్యాలు చదువుమంటె చెమటలు పడ్తయి.

ఇంత తెలివి ఉన్నోనికి అచ్చరం ఎందుకు రాదు? ఊరు చెప్పే జవాబు, "చదువు మీద మనసు లేదు". బడి చెప్పే జవాబు, "ఇంట్ల పట్టించుకోరు". ఇల్లు చెప్పే జవాబు, "మా రాత". ఈ మూడు గాక నాలుగో జవాబు ఒకటున్నది. సర్కారు కాయితాలల్ల దాని పేరు 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం'. ఇంగ్లీషుల స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ, పొట్టిగ ఎస్‌ఎల్‌డీ అంటరు.

నేను బడి ఇడిసిన పిల్లల్ని మల్ల బడిల చేర్పించే పని మీద ఏండ్ల సంది ఊర్లు తిరుగుతున్న. డాక్టర్ని కాదు, పెద్ద డిగ్రీలు ఉన్నోణ్ని కాదు. పిల్లలు ఎందుకు బడి ఇడుస్తున్నరో సమజ్ చేసుకునే తండ్లాటల చట్టాలు, పుస్తకాలు ముందరేసుకొని కూడబలుక్కొని నేర్చుకున్న. నేర్చుకున్నది మీకు చెప్పాలె అనిపిస్తున్నది. ఎందుకంటె పట్నంల ఈ పేరు తెలిసిన తల్లిదండ్రులు తమ పిల్లలకు పరీక్షల ఎక్కువ టైమ్ ఇప్పిచ్చుకుంటున్నరు. మన ఊర్ల అదే పిలగాడు పదో తరగతి తప్పి మేస్త్రీ కాడ కూలికి పోతున్నడు. ఇద్దరికీ ఉన్నది ఒక్కటే ఇబ్బంది, ఇద్దరికీ వర్తించేది ఒక్కటే చట్టం.

అసలు ఇదేంది?

అభ్యసనం అంటె నేర్చుకునుడు. 'నిర్దిష్ట' అనే మాట కాడ జర ఆగాలె. అన్నింట్ల కాదు, ఫలానా దాంట్లనే అడ్డం పడ్తది అని దాని అర్థం. చూపు మంచిగనే ఉంటది, చెవులు వినబడ్తయి, తెలివి తోటోళ్లంత ఉంటది. కాని చదువుడో, రాసుడో, లెక్కనో, ఏదో ఒక్క కాడ బండి ముందుకు పోదు. బుద్ధిమాంద్యం వేరు, ఇది వేరు. రెండింటినీ ఒక్క గాటకు కట్టెయ్యొద్దు.

ఎందుకు గిట్లయితది? మాట్లాడుడు కూసోబెట్టి నేర్పకున్నా వస్తది. చుట్టూ మాటలు వినబడితె చాలు, మూడేండ్ల పోరి గూడ గడగడ మాట్లాడ్తది. రాత గట్ల కాదు. మనిషి మాట్లాడవట్టి ఎన్నో వేల ఏండ్లయింది గాని, రాత పుట్టి అయిదు వేల ఏండ్ల చిల్లరనే. చదువుడు కోసమని మెదడుల పుట్టుకతోనే కట్టి పెట్టిన అర్ర ఏదీ లేదు. కంటితో చూసే భాగం, చెవిన పడ్డ సప్పుడును పట్టే భాగం, మాటకు అర్థం చెప్పే భాగం, ఈ మూడింటి నడుమ కొత్తగ తొవ్వ వెయ్యాలె. శానమందికి ఆ తొవ్వ జల్ది పడ్తది. కొందరికి పుట్టుకతోనే ఆ తొవ్వ పడుడు కష్టం. గంతే. తల్లి ఫోన్ చూసినందుకు వచ్చింది కాదు, తండ్రి తాగినందుకు వచ్చింది కాదు, ఎవలో చేసిన పాపం కాదు. అయితె ఇంట్ల ఒకరికుంటె ఇంకొకరికి ఉండే అవకాశం ఎక్కువ. "మా నాయినకు గూడ చదువు అబ్బలే" అనే మాట ఎనుక ఒక్కోపాలి ఇదే ఉంటది.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన పట్నం రోగం గూడ కాదు. 1896ల ఇంగ్లండుల ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల ఒక 14 ఏండ్ల పిలగాని గురించి రాసిండు. చురుకైనోడు, ఆటలల్ల తోటోళ్లకు తీసిపోడు, చూపు మంచిగున్నది. కాని రాసిన మాటను చదవలేకపోయేది. చదువంత నోటితోనే చెప్పేదుంటె ఈ బడిల అందరికన్న ముందుండేది వీడేనని వాని పంతులే అన్నడట. నూరేండ్లు దాటినంక గూడ మన బడులల్ల గసొంటి పిల్లలు ఎనుక బెంచీల కూసుంటున్నరు.

ఎంత మందికి ఉంటది? అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013ల తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే పుస్తకాన్ని దునియా మొత్తంల డాక్టర్లు వాడ్తరు. ఏ దేశమైనా ఏ భాషైనా, బడి వయసు పిల్లలల్ల నూటికి 5 నుంచి 15 మందికి ఇది ఉంటదని దాంట్ల ఉన్నది. అంటె 30 మంది ఉన్న క్లాసుల ఒకరిద్దరు ఉంటరు, నలుగురు గూడ ఉండొచ్చు. మీ ఊరి బడిని మీరే యాది చేసుకోండ్రి.

చదవరానోళ్లందరికీ ఇదే ఉన్నట్టు కాదు

ఈడ ఒక మాట గట్టిగ చెప్పాలె. చదువు రాని ప్రతి పిలగానికి ఈ పేరు అంటిస్తె అది ఇంకో అన్యాయం.

2024 అసర్ సర్వే ఏం చెప్పిందంటె, దేశం మొత్తం మీద ఊర్లల్ల ఉన్న సర్కారు బడులల్ల మూడో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతమే. అంటె నూటికి దాదాపు 77 మంది చదవలేకపోయిన్రు. ఈ 77 మందికీ మెదడుల తొవ్వ పడలేదా? కాదు. శానమందికి చెప్పేటోళ్లు లేరు. అయిదు తరగతులకు ఒక్క సారు ఉంటె ఏ పిలగాని పక్కన కూసుంటడు? ఇది పిల్లల వైకల్యం కాదు, బడి వైకల్యం.

ఇంకొన్ని కారణాలున్నయి. కంటి చూపు తక్కువుండి బోర్డు కనబడని పిల్లలుంటరు. చెవుల చీము కారి సగం సప్పుడే వినబడేటోళ్లుంటరు. తండాల ఇంట్ల లంబాడి మాట్లాడే బిడ్డ, గూడెంల గోండి, కోయ మాట్లాడే బిడ్డ, బడికొచ్చిన తొలి రోజు సంది తెలుగు అనే పరాయి భాషల చదవాలె. అమ్మ నాయిన ఇటుక బట్టీలకు వలస పోతె ఆరు నెలలు బడి మొకమే చూడని పిల్లలుంటరు. 2022-23 సంది తెలంగాణ సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం మొదలయింది. తెలుగుల మంచిగ చదివే పోరి ఇంగ్లీషు పుస్తకం కాడ ఆగిందంటె అది మీడియం తిప్పలు, పోరి తిప్పలు కాదు.

మరి తేడా ఎట్ల పట్టాలె? ముందుగాల కండ్లు, చెవులు చూపియ్యాలె. తర్వాత ఇంటి భాషలనో, బాగ తెలిసిన భాషలనో చూడాలె. ఆ తర్వాత ఓపికగ, పక్కన కూసోబెట్టుకొని నేర్పాలె. కనీసం ఆరు నెలలు సరిగ్గ సాయం చేసినంక గూడ అదే కాడ ఆగితె అప్పుడు అనుమానపడాలె అని డీఎస్‌ఎం-5 గూడ అంటది. నేర్పకుంటనే పేరు పెట్టొద్దు. నేర్పినా రాకుంటె తిట్టొద్దు.

ఇగ మన ఊర్లల్ల ఇది ఎందుకు దొరకదో సమజ్ అయితది. క్లాసుల పది మందికి చదువ రానప్పుడు, అండ్ల నిజంగ ఎస్‌ఎల్‌డీ ఉన్న ఇద్దరు మందల కలిసిపోతరు. పట్నంల పెద్ద బడిల అందరికీ చదువొస్తది, ఒక్కనికే రాదు గాబట్టి జల్ది కనబడ్తడు. మన కాడ బడి కరాబుండుడే ఆ పిలగాన్ని దాచిపెడ్తది.

ఎన్ని రకాలు?

డాక్టర్లు ముఖ్యంగ మూడు చెప్తరు: చదువుడు, రాసుడు, లెక్క. మన దేశ చట్టం ఇంకొన్ని పేర్లు గూడ కలిపింది. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది డిస్లెక్సియా, చదువుడుల ఇబ్బంది. యూట్యూబ్‌ల చూస్తె 'బీ'ని 'డీ' అని తిప్పి చదువుడే డిస్లెక్సియా అని చెప్తరు. అది ఇంగ్లీషు ముచ్చట, అండ్ల గూడ అదొక్కటే గుర్తు కాదు. మన తెలుగుల ఇది వేరే తీరుగ కనబడ్తది. ఒకటి, ఒక్క తీరు కనబడే అచ్చరాల కాడ తికమక: ప, వ, ష. మ, య. ద, ధ. రెండు, గుణింతాలు. 'కోడి'ని 'కొడి' అంటడు, గుడి ఏదో గుడి దీర్ఘం ఏదో పట్టుకోలేడు. మూడు, ఒత్తులు, సున్నలు. 'మల్లె' కాస్త 'మలె' అయితది, 'బండి' కాస్త 'బడి' అయితది. నాలుగు, ఊహించి చదువుడు. మొదటి అచ్చరం చూసి ఏదో ఒక మాట అనేస్తడు. మొదటి, రెండో తరగతిల ఈ తప్పులు అందరూ చేస్తరు. తెలుగుల గుణింతాలు, ఒత్తులు కలిపితె వందల రూపాలైతయి, అవన్ని పట్టుపడేటందుకే పిల్లలకు మూడు నాలుగేండ్లు పడ్తది. నాలుగో తరగతి దాటినా ఇవే తప్పులు పోకుంటె అప్పుడు నజర్ పెట్టాలె.

ఇంకో ముచ్చట. తెలుగుల పలికినట్టే రాస్తం, రాసినట్టే పలుకుతం. గందుకని కష్టపడి కష్టపడి పిలగానికి అచ్చరాలు వచ్చేస్తయి. చూసినోళ్లు "వచ్చింది గదా" అంటరు. కాని వేగం రాదు. ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కుంట వాక్యం ఆఖరికి వచ్చేసరికి మొదలు ఏముండెనో మర్చిపోతడు. తప్పులు తగ్గినా నెమ్మది తగ్గకపోవుడు మన అసొంటి భాషలల్ల డిస్లెక్సియాకు పెద్ద గుర్తు. అదే పాఠం మీరు చదివి వినిపియ్యిండ్రి, ప్రశ్నలడుగుండ్రి. టక్కున చెప్తడు. విని చెప్పేదానికి, చదివి చెప్పేదానికి నడుమ అంత తేడా ఉంటె తెలివిల లోపం లేదని మీకే అర్థమైతది.

సప్పుడును ఇడగొట్టుడుల గూడ వీళ్లకు ఇబ్బంది. "'కమల'ల నుంచి 'క' తీసేస్తె ఏం మిగిలె?" అంటె ఎనిమిదేండ్ల పిల్లలు శానమంది 'మల' అంటరు. వీళ్లు ఆలోచన చేస్తరు, ఆగుతరు, ఆగమైతరు. అచ్చరం అంటెనే సప్పుడుకు వేసిన బొమ్మ. సప్పుడే ఇడిపోకుంటె బొమ్మ యాడ అతుకుతది?

రెండోది డిస్‌గ్రాఫియా, రాసుడుల ఇబ్బంది. నోటితోని అడిగితె పాఠమంత చెప్తడు, రాయమంటె రెండు వాక్యాలు. అచ్చరాలు ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ, గీత మీద నిలబడవు. మాటకు మాటకు నడుమ ఖాళీ ఉండదు. పెన్ను గట్టిగ ఒత్తి పట్టి అర్ధ గంటకే చెయ్యి గుంజుతది. బోర్డు మీదది ఎక్కించుకునే లోపల సారు తుడిచేస్తడు. నోట్సు ఎప్పుడు సూసినా సగమే. గిసొంటోళ్లను "దస్తూరి మంచిగ లేదు, వంద సార్లు రాయి" అంటె కుంటోన్ని ఉరుకు, అప్పుడు కాలు మంచిగైతది అన్నట్టే.

మూడోది డిస్‌కాల్‌క్యులియా, లెక్కల ఇబ్బంది. ఎక్కాలు రాకపోవుడొక్కటే ఇది కాదు. అంకె అంటె ఎంత అనే అందాజే సరిగ్గ పడదు. 47 పెద్దదా 74 పెద్దదా అంటె ఆలోచిస్తడు. ఏడో తరగతిల గూడ 8కి 5 కలుపుమంటె వేళ్లు మడుస్తడు. ఒకట్లు, పదులు, వందలు జాగలు మారిపోతయి. ముండ్ల గడియారం చూసి టైమ్ చెప్పలేడు. కిరాణంల 100 నోటు ఇచ్చి 63 రూపాయల సామాను తెమ్మంటె మిగిలిన పైసలు లెక్క పెట్టుకోలేక దుకాణపాయన ఇచ్చినయి పట్టుకొని వస్తడు. తెలుగు, సాంఘికం మంచిగ వస్తయి, లెక్కలల్లనే ఏటేట తప్పుతడు. "లెక్కలు ఒక్కటి పోయినయి" అని పది ఫేలైనోళ్లు మన ఊర్లల్ల ఎంతమంది! అందరికీ ఇదే అనలేం. కాని అండ్ల కొందరిది ఇదే.

నాలుగోది డిస్‌ప్రాక్సియా. మెదడుల అనుకున్న పని చేతులు, కాళ్లు వరుసగ చెయ్యకపోవుడు. అంగి గుండీలు పెట్టుకునుడు, చెప్పుల పట్టీలు బిగించుకునుడు, కత్తెర పట్టుడు, సైకిల్ తొక్కుడు తోటోళ్లకన్న శాన ఆలస్యంగ వస్తయి. డాక్టర్లు దీన్ని వేరే ఖాతల పెడ్తరు, మన చట్టం మాత్రం ఎస్‌ఎల్‌డీ కిందనే రాసింది.

అయిదోది డెవలప్‌మెంటల్ అఫేసియా. ఇది మాట కాడనే వచ్చే ఇబ్బంది. చెవులు వినబడ్తయి, కాని పొడుగు మాటలు చెప్తె పట్టుకోలేడు, మనసుల ఉన్నది వరుసగ చెప్పలేడు. "పుస్తకం బల్ల మీద పెట్టి, చాక్‌పీసు తెచ్చి, సారును పిలువు" అంటె మొదటిది చేసి నిలబడ్తడు. బడి దాన్ని "చెప్పిన మాట వినడు" అని రాసుకుంటది.

ఒక్క పిలగానికి రెండు మూడు కలిసి గూడ ఉండొచ్చు. ఒక్క కాడ కుదురుగ కూసోలేకపోవుడు, ధ్యాస నిలవకపోవుడు, దాన్ని ఏడీహెచ్‌డీ అంటరు. అది ఎస్‌ఎల్‌డీ కాదు, కాని రెండూ జోడెడ్ల లెక్క కలిసొచ్చుడు శాన ఎక్కువ.

చట్టం ఏం చెప్తున్నది?

1995 వికలాంగుల చట్టంల ఏడు వైకల్యాలే ఉండె. అండ్ల దీని పేరే లేదు. 2016ల పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం ఆ లెక్కను 21కి పెంచింది, అండ్ల ఎస్‌ఎల్‌డీని చేర్చింది. 2017 ఏప్రిల్ 19 సంది అమలుల ఉన్నది. అంటె ఇప్పుడు ఇది దయ కాదు, హక్కు.

ఆ చట్టం 16వ సెక్షన్ ఏమంటదంటె, పిల్లలల్ల ఎస్‌ఎల్‌డీని ఎంత జల్ది అయితె అంత జల్ది గుర్తు పట్టి, తగినట్టు బోధన మార్చే బాధ్యత బడిది. గుర్తు పట్టాల్సింది బడి, తల్లి కాదు. కైకిలికి పోయే తల్లికి డిస్లెక్సియా అనే మాట ఎరుక లేకపోవుడు తప్పు కాదు. బడికి ఎరుక లేకపోవుడు తప్పు. 17వ సెక్షన్ కింద బడి పిల్లల వైకల్యాలు తెలుసుకునేటందుకు అయిదేండ్లకొకపాలి సర్వే చెయ్యాలె. పరీక్షల ఎక్కువ టైమ్, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు అసొంటి మార్పులు చెయ్యాలె. రాసిపెట్టే మనిషిని స్క్రైబ్ అంటరు. 2018ల కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్‌ను పెట్టుకునేటోళ్లకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుంట ఎక్కువ టైమ్ ఇయ్యాలె. మూడు గంటల పరీక్ష నాలుగు గంటలైతది.

వైకల్యం 40 శాతం, అంతకన్న ఎక్కువ అని సర్టిఫికెట్ వస్తె ఇంకొన్ని హక్కులున్నయి. 6 నుంచి 18 ఏండ్ల దాక ఉచిత చదువు. సర్కారు, ఎయిడెడ్ కాలేజీలల్ల పై చదువులకు 5 శాతం రిజర్వేషన్. సర్కారు కొలువులల్ల వికలాంగుల 4 శాతంల, ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి, ఎస్‌ఎల్‌డీ, ఒకటికన్న ఎక్కువ వైకల్యాలు ఉన్నోళ్లకు కలిపి 1 శాతం. గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇది యాది పెట్టుకోండ్రి.

40 శాతం రాకుంటె? ఇది శానమంది మోసపోయే జాగ. 2021 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు సివిల్స్ రాసే ఒక అభ్యర్థి కేసుల తేల్చి చెప్పింది. రాసేటందుకు ఇబ్బంది ఉన్నోళ్లకు 40 శాతం లేకున్నా స్క్రైబ్ ఇయ్యాల్సిందే అన్నది. అదే ఏడు నీట్ రాసిన ఒక డిస్‌గ్రాఫియా ఉన్న బిడ్డకు ఎక్కువ టైమ్ ఇయ్యకుంట పేపర్ గుంజుకున్న ముచ్చట గూడ కోర్టుకు పోయింది. ఆమెకు జరిగింది అన్యాయమే అని నవంబర్‌ల సుప్రీంకోర్టు అన్నది. రిజర్వేషన్ వేరు, సౌలతు వేరు. రెండింటికీ 40 శాతం ముడి పెట్టి ఎవలన్న మిమ్ముల్ని ఎనుకకు పంపితె ఈ తీర్పు అడుగుండ్రి.

ఇంకోటి. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టొద్దు, మానసికంగ ఏడిపియ్యొద్దు అని చెప్తది. క్లాసుల నిలబెట్టి "ఈ మొద్దు మొకం చూడుండ్రి" అనుడు గూడ చట్టం ముందు తప్పే.

ఊర్ల నుంచి తొవ్వ ఎటు?

చట్టం ఢిల్లీల ఉన్నది, పిలగాడు వాడకట్టుల ఉన్నడు. నడుమ తొవ్వ చెప్త.

మొదలు హెడ్మాస్టర్‌కు కాయితం రాసియ్యాలె. నోటితో చెప్తె గాలికి పోతది. "మా పిలగానికి ఫలానా కాడ ఇబ్బంది ఉన్నది, ఎస్‌ఎల్‌డీ ఉన్నదేమో చూపియ్యిండ్రి" అని రాసి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలె. మండల కేంద్రంల భవిత కేంద్రం ఉంటది. అండ్ల ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఐఈఆర్‌పీ టీచర్లుంటరు. వాళ్లను కలువాలె. సర్కారు బడులకు ఏడాదికొకపాలి ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం వస్తది. వాళ్లు చూడాల్సిన సమస్యలల్ల నేర్చుకునుడుల ఇబ్బంది గూడ ఒకటి. పండ్లు, కండ్లు చూసి పోతుంటె ఆపి అడగాలె. వాళ్లు జిల్లాల ఉండే డీఈఐసీ కేంద్రానికి పంపుతరు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిల కేంద్ర సర్కారు సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉన్నది, ఈ పిల్లల ముచ్చట తెలిసిన నిపుణులు ఆడ ఉంటరు.

సర్టిఫికెట్ 8 ఏండ్లు నిండినంకనే ఇస్తరు. సైకాలజిస్టు తెలివి పరీక్ష, చదువు పరీక్ష పెడ్తడు, మెడికల్ బోర్డు చూస్తది, యూడీఐడీ కార్డు వస్తది. అయితె 8 ఏండ్ల దాక చేతులు కట్టుకొని కూసోవాలని కాదు. సాయానికి సర్టిఫికెట్ అక్కర లేదు. ఇగ పది పరీక్షల ముచ్చట: హాల్ టికెట్ వచ్చినంక ఉరికితె పని కాదు. తొమ్మిదిల ఉన్నప్పుడే కాయితాలు తయారుంచుకొని, పది మొదలుకాంగనే బడి ద్వారా డీఈఓ ఆఫీసుకు పంపియ్యాలె.

ఒక గోస దాచకుంట చెప్త. ఈ తొవ్వ కాయితం మీద ఉన్నంత సాఫుగ ఉండదు. పరీక్ష పెట్టే సైకాలజిస్టు జిల్లాకు ఒకరు దొరికితె గొప్ప. రెండు మూడుపాల్లు తిరుగుడంటె రెండు మూడు రోజుల కూలి పోవుడు, బస్సు కిరాయి పెట్టుకునుడు. గందుకనే చాలా ఇండ్లు మధ్యల ఇడిసిపెడ్తయి. గిదే అసలు కొట్లాట. సర్కారు బడి పిల్లల దగ్గరికే పరీక్ష రావాలె. మండలానికొకపాలి క్యాంపు పెట్టాలె. ప్రతి ప్రైమరీ బడి టీచర్‌కు దీని మీద ట్రైనింగ్ ఇయ్యాలె. గ్రామసభల, బడి యాజమాన్య కమిటీ మీటింగుల గీ మాట లేవనెత్తాలె.

మందు లేదు, మార్గం ఉన్నది

డిస్లెక్సియా తగ్గించే గోలీ ఏదీ లేదు. జ్ఞాపకశక్తి సిరప్‌లు, తాయెత్తులు, 'మెదడు పదును' కోర్సులు పైసలు గుంజేటందుకే. "పెద్దయితె అదే పోతది" అనే మాట గూడ నిజం కాదు. పోదు. కాని సరిగ్గ నేర్పితె తొవ్వ పడ్తది. నెమ్మదిగ పడ్తది, కాని పడ్తది.

ఇంట్ల తమ్మునికో, చెల్లెకో మీరు ఏం చెయ్యొచ్చు? రోజుకు అర్ధ గంట చాలు. ముందు సప్పుడు, తర్వాత అచ్చరం. మాటను నోటితో ముక్కలు చేసుడు ఆట లెక్క ఆడుండ్రి. ఒక్క వారంల ఒక్క గుణింతమే, అది పట్టుపడినంకనే ఇంకోటి. ఇసుకల వేలుతో రాయిస్తూ ఆ సప్పుడు పలికియ్యిండ్రి. కన్ను, చెవి, చెయ్యి మూడూ కలువాలె. లెక్కలకు చింతగింజలు, పుల్లల కట్టలు తీసుకోండ్రి, పది పుల్లలకొక కట్ట కడితె పదుల జాగ కండ్లకు కనబడ్తది. పెద్ద పాఠం ఉంటె మీరు చదివి వినిపియ్యిండ్రి. మీ చేతుల ఉన్న ఫోనే తెలుగు చదివి వినిపిస్తది, చెప్పింది టైపు చేస్తది. రీల్స్ చూసే ఫోన్ల గా సౌలతు గూడ ఉన్నది, వాడుండ్రి. అందరి ముందు లేపి చదివియ్యొద్దు. వంద సార్లు రాయమనొద్దు. అక్కతోనో, పక్కింటి పిలగానితోనో పోల్చొద్దు.

2007ల అమీర్ ఖాన్ తీసిన 'తారే జమీన్ పర్' చూసి శానమంది కండ్లు తుడుసుకున్నరు. మంచి సినిమా. కాని అండ్ల పిలగాడు గొప్పగ బొమ్మలేస్తడు, ఆఖరికి బహుమతి గెలుస్తడు. వాట్సాప్‌ల ఐన్‌స్టీన్‌కు గూడ డిస్లెక్సియా ఉండె అని ఫార్వర్డులు తిరుగుతయి. దానికి గట్టి రుజువేం లేదు. నేననేది ఏందంటె, మన పిలగాడు ఐన్‌స్టీన్ కావల్సిన పని లేదు, బొమ్మల పోటీ గెలువాల్సిన పని లేదు. ఏ గొప్పతనం లేకున్నా చదువు వానికి హక్కే. బస్సు బోర్డు చదువుకునుడు, బ్యాంకు కాయితం మీద ఏం రాసున్నదో తెలుసుకొని సంతకం పెట్టుడు, కూలి పైసలు లెక్క చూసుకునుడు చిన్న ముచ్చట్లు కావు. చదువ రానోని భూమి కాయితం ఎవల చేతులకు పోతదో మనకు ఎరుకనే గదా.

"వికలాంగుల సర్టిఫికెట్ తీసుకుంటె పేరు పోతది, రేపు బిడ్డకు సంబంధం ఎట్ల?" అని తల్లులు భయపడ్తరు. ఆ భయం ఉత్తది కాదు, మన సమాజం గసొంటిదే. కాని పేరు ఇప్పటికే పడ్డది గదా. మొద్దు అనేది గూడ ఒక సర్టిఫికెట్టే. ఊరు ఉత్తగనే ఇచ్చింది, దాని మీద ఏ హక్కూ రాదు, జీవితమంత మోయాలె. దానికన్న హక్కు తెచ్చే కాయితమే నయం.

ఆఖరికి, ఇది చదివే మీలనే కొందరుంటరు. పది తప్పినోళ్లు, ఇంటర్ మధ్యల ఇడిసినోళ్లు, గింత పొడుగు రాత చదువలేక ఫోన్‌కు చెప్పి వింటున్నోళ్లు. మీ చిన్నప్పటి ముచ్చట ఈ రకాలల్ల యాడన్న కలిసిందా? కలిస్తె డాక్టరు చూడకుంట ఉన్నదనీ అనుకోవద్దు, లేదనీ అనుకోవద్దు. కాని "నేను పనికిరానోన్ని" అనే మాట మాత్రం ఇయ్యాల్నే ఇడిసిపెట్టుండ్రి. ఓపెన్ స్కూల్‌ల పది మల్ల రాయొచ్చు. చట్టంల ఉన్న సౌలతు ఆడ గూడ అడగొచ్చు.

వచ్చే వారం మీ ఊరి బడికి పోయి హెడ్మాస్టర్‌ను ఒక్కటే అడుగుండ్రి: "సారు, 16వ సెక్షన్ ప్రకారం ఎస్‌ఎల్‌డీ ఉన్న పిల్లల్ని గుర్తు పట్టిన్రా? ఎంతమంది?" సున్న అంటె, 30 మందికి ఒకరిద్దరు ఉండాలె గదా, వాళ్లు యాడ కూసున్నరు అని అడుగుండ్రి. ఎనుక బెంచీ దిక్కు చూపియ్యిండ్రి.